గురువారం పూత

"షిరిన్‌బులోక్ జిల్లా పౌరులకు ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, పళ్ళలో పెట్టిన సిమెంటు చుట్టూ కొత్తగా పుచ్చు రావడం ఈ సంవత్సరాంతానికి పూర్తిగా నిలిపివేయబడును."

జిల్లా ఆరోగ్య శాఖవారి ఈ ప్రకటనను పత్తి కాటా దగ్గర, రొట్టెల బజారులో, పాలీక్లినిక్ మెట్ల పక్కన ఒకే రోజున అతికించారు. పుచ్చుకు మాత్రం ఎవరూ నకలు పంపలేదు. అందుచేత అది తన పని తాను చేసుకుపోతూనే ఉంది.

మరీ ముఖ్యంగా నుర్మత్ నోట్లో.

నుర్మత్ కర్నాయ్ ఊదేవాడు. మనిషికన్నా పొడవైన ఇత్తడి బూర అది. మా ఊళ్ళో పెళ్ళికొడుకు గడప దాటాలన్నా, పెళ్ళికూతురు కారు దిగాలన్నా ముందు కర్నాయ్ ఆకాశంకేసి లేచి ఒక్క గర్జన గర్జించాలి. ఆ గర్జనంతా ఊపిరితిత్తుల చలవ అని జనం అనుకుంటారు. ఊపిరితిత్తులు ఎవరికి లేవు? పెదవిని బూర మూతికి ఆనించి నొక్కినప్పుడు వెనకనుంచి కాసుకునేవి పై వరసలో ముందున్న రెండు పళ్ళు. నుర్మత్‌కు ఆ రెండు పళ్ళలోనూ సిమెంటే. నాలుగేళ్ళలో మూడుసార్లు పెట్టించాడు, మూడుసార్లూ దాని చుట్టూ పుచ్చు పట్టింది.

"ఇంకోసారి తవ్వితే సిమెంటు మిగులుతుంది గానీ పన్ను మిగలదు నుర్మతన్నా," అంది పళ్ళ డాక్టరు మావ్‌జుదా, అద్దం ఆయన నోట్లోంచి తీస్తూ.

"నాసిరకం సిమెంటు పెట్టావేమో చూడు తల్లీ."

"నా సిమెంటుకేం, రాయిలా ఉంది. గోడకి కన్నం పడితే పూడుస్తావు. పూడ్చినచోట గట్టిగానే ఉంటుంది. అంచు వెంబడి నీళ్ళు దిగి చుట్టూ ఉన్న మట్టి జారిపోతే ఆ పూడిక ఏం చేస్తుంది పాపం?"

"ఈ రెండూ పోతే?"

"బంగారు పళ్ళు. సత్తోర్‌కి ఉన్నట్టు."

నుర్మత్ అరచేత్తో నోరు మూసుకున్నాడు. పక్క వీధి సత్తోర్ కూడా కర్నాయ్ ఊదేవాడే. పై వరసంతా బంగారం కట్టించుకున్నాడు. అప్పట్నుంచి ఆయన నవ్వు చూడ్డానికి జనం వస్తారు, బూర మొదలెట్టగానే వెళ్ళిపోతారు. పాలు మానిపించిన దూడ అరిచినట్టుంటుంది ఆ మోత.

మావ్‌జుదా ఒక చిన్న సీసా తీసి చూపించింది. ప్రకటన వెనక ఉన్న అసలు మందు అదే. ఫ్లోరైడ్ పూత. సిమెంటు అంచుల వెంబడి బ్రష్షుతో రాస్తే అక్కడి పన్ను గట్టిపడుతుంది, పుచ్చు అంత తొందరగా దిగదు. సూది లేదు, నొప్పి లేదు. వరసగా నాలుగు గురువారాలు, ఆపైన మూడు నెలలకోసారి. పసుపుపచ్చగా పళ్ళకి అంటుకుని ఉంటుంది, మర్నాడు తోముకుంటే పోతుంది.

"ఇంతేనా?" అన్నాడు నుర్మత్, ప్రాణం లేచొచ్చి.

"ఇంతే. రాశాక నాలుగు గంటలు గట్టివి కొరక్కూడదు, వేడివి తాగకూడదు."

"వేడివంటే?"

"టీ."

సూది గుచ్చినా అంతలా ఉలిక్కిపడేవాడు కాదు నుర్మత్.

పాలీక్లినిక్ నుంచి ఆయన ఇంటికి పద్నాలుగు గుమ్మాలు. ఒక్కో గుమ్మం ముందూ ఒక అరుగు, అరుగు మీద ఒక పెద్దమనిషి, ఆ పెద్దమనిషి పక్కన ఒక టీ కూజా. నడిచే మనిషి సలాం చెప్పాలి. చెప్పిన మనిషిని కూర్చోమనాలి. కూర్చున్న మనిషికి గిన్నెలో టీ పోయాలి, అదీ అడుగున కాస్త మాత్రమే. ఎంత తక్కువ పోస్తే అంత గౌరవం, మళ్ళీ మళ్ళీ పోయొచ్చు కదా! దానితోపాటు బుగ్గన పెట్టుకోవడానికి పటికబెల్లం ముక్క. వద్దన్నవాడు మా ఊళ్ళో ఇంతవరకూ పుట్టలేదు. పుట్టి ఉంటే పేట కమిటీ రికార్డుల్లో ఉండేవాడు.

మొదటి గురువారం నుర్మత్ పూత పూయించుకుని, పెదవులు బిగించుకుని, తల దించుకుని బయల్దేరాడు. రెండు గుమ్మాలు దాటాడు. మూడో గుమ్మం దగ్గర "ఏం నుర్మతూ, మమ్మల్ని మర్చిపోయావా?" అన్నారు. ఇంటికి చేరేసరికి ఇరవైమూడు గిన్నెలు తాగి, తొమ్మిది పటికబెల్లం ముక్కలు చప్పరించి ఉన్నాడు. పూత ఏ గుమ్మం దగ్గర కరిగి కడుపులోకి పోయిందో ఆయనకే తెలియదు.

రెండో గురువారం నిజం చెప్పాడు. ఇలాంటి పని ఎప్పుడూ చేయకూడదు.

"డాక్టరమ్మ టీ తాగొద్దంది అత్తా, పళ్ళు పాడవుతాయని," అన్నాడు రొట్టెలు కాల్చే ఖంబర్ అత్తతో.

"నా టీతోనా?"

"ఏ టీ అయినా."

"అంటే నా టీ కూడా అన్నమాటేగా!"

సాయంత్రానికి ఖంబర్ అత్త టీ వల్ల నుర్మత్‌కు రెండు పళ్ళు ఊడిపోయాయని రొట్టెల బజారులో తెలిసింది. పత్తి కాటా దగ్గరికి చేరేసరికి అవి ఆరయ్యాయి. మర్నాడు పొద్దున్నే పేట కమిటీ అధ్యక్షుడు మిర్‌హాలిం గారు అత్యవసర సమావేశం పిలిచారు. మిర్‌హాలిం గారు చాలా పెద్దమనిషి. వీధిలో కుక్క కరిచినా, కుళాయి కారినా, కోడలు అలిగినా అన్నిటికీ ఒకే ఉపన్యాసం ఇచ్చి పరిష్కరించగల దక్షులు.

"సోదరులారా! మన తాతలు టీ తాగారు. మన ముత్తాతలు టీ తాగారు. వాళ్ళకు పళ్ళు లేకపోతే లేకపోవచ్చు. మర్యాద ఉంది! పన్ను పోతే పన్ను కట్టించుకోవచ్చు. పొరుగువాడి మనసు పోతే ఎవరు కట్టిస్తారు? ఏ పాలీక్లినిక్కులో కట్టిస్తారు?"

ఈ ప్రశ్నకు జవాబు లేనందున సభ ఏకగ్రీవంగా తీర్మానించింది: ఆదరంతో ఇచ్చిన టీ వైద్య నిబంధనల పరిధిలోకి రాదు. తీర్మానం అమల్లోకి వచ్చినట్టు గుర్తుగా ఖంబర్ అత్త చేతిమీదుగా నుర్మత్ అందరి ఎదుటా మూడు గిన్నెలు తాగాడు. చప్పట్లు కొట్టారు.

ఆ రాత్రి భార్య సొబిరా దగ్గర ఆయన ఏడ్చినంత పని చేశాడు. "ముప్పయ్యేళ్ళుగా ఊదుతున్నానే. ఈ ఊళ్ళో పెళ్ళయిన ప్రతి మగాడూ నా కర్నాయ్ విని గడప దాటినవాడే. ఒక్క పూట టీ మానడానికి వీల్లేక అది వదిలేసుకోవాలా?"

సొబిరా నూలు చుడుతూనే ఆలోచించింది. "టీ వద్దంటే తప్పు. తాగకూడదంటే తప్పులేదు. మా నాన్న సోమవారం, గురువారం రోజా ఉండేవాడు. ఆయన్ని ఒక్కడైనా టీ తాగమన్నాడా? నువ్వెళ్ళేది గురువారమేగా. రోజాలో ఉన్నానని చెప్పు."

"అబద్ధం కదే!"

"తిండీ నీళ్ళూ మానడమేగా రోజా అంటే? నాలుగు గంటలు మానుతున్నావు. కాస్త పొట్టి రోజా అనుకో."

మూడో గురువారం మొదటి గుమ్మం దగ్గరే "రోజాలో ఉన్నానన్నా" అన్నాడు నుర్మత్, నేలచూపులు చూస్తూ. అరుగు మీది పెద్దమనిషి లేచి నిలబడ్డాడు. టీ గిన్నెను వెనక్కి దాచాడు. రెండో గుమ్మం దగ్గర తమకోసం దేవుణ్ణి వేడుతూ దువా చేయమన్నారు. ఏడో గుమ్మం దగ్గర ఒకావిడ చంటిపిల్లను తెచ్చి తల నిమరమంది. ఖంబర్ అత్త కళ్ళు తుడుచుకుని, "నిన్ను ఎన్ని మాటలన్నాను బాబూ, మనసులో పెట్టుకోకు" అంది. నుర్మత్‌కు సిగ్గుతో చెవులు మండిపోయాయి. కానీ పూత మాత్రం పద్నాలుగు గుమ్మాలూ దాటి చెక్కుచెదరకుండా ఇల్లు చేరింది.

ఇక్కడొక చిన్న చిక్కు వచ్చింది. డాక్టరమ్మ విధించింది నాలుగు గంటలే, వీధి విధించింది పొద్దు గుంకేదాకా. మధ్యాహ్నం మూడింటికి వెనక గదిలో తలుపేసుకుని, వాసన బయటికి పోకుండా చల్లటి రొట్టె చల్లటి నీళ్ళతో మింగేవాడు ఆ భక్తుడు. సొబిరా గుమ్మం దగ్గర కాపలా. నాలుగు గురువారాలు అయ్యాక కూడా మానడానికి వీల్లేకపోయింది, ఎందుకంటే మానేస్తే మనిషి చెడిపోయాడంటారు. ఐదో గురువారం, పదో గురువారం, ఇరవయ్యో గురువారం. నుర్మత్ ఎప్పుడూ కోరుకోని మంచిపేరు ఆయన్ని వీధి చివరిదాకా తరుముకుంటూ వెళ్ళింది.

ఆరు నెలలు తిరిగాక మావ్‌జుదా సన్నటి ఇనప పుల్లతో సిమెంటు అంచుల్ని గీకి చూసింది. ఎక్కడా దిగలేదు.

"గట్టిపడ్డాయన్నా! చుట్టూ ఒక్క మెత్తటి చోటు లేదు!" అంది. ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. నుర్మత్‌కు ఆనందంతో మాట రాలేదు, నోట్లో ఇనప పుల్ల ఉండటం కూడా ఒక కారణం.

"ఒక్క సంగతి," అంది ఆవిడ, రిజిస్టరు తెరుస్తూ. "ఇప్పుడు గురువారం వస్తే నా గది ముందు నిలబడ్డానికి చోటుండటంలేదు. అందరికీ పూతే కావాలి. అటూ ఇటూ చూసి పిల్లుల్లా లోపలికొస్తారు. బయటికెళ్ళి రోజాలో ఉన్నామంటారు. పూయించుకున్నట్టు పేరు రాస్తానంటే మాత్రం చచ్చినా వద్దంటారు. సీసా ఖాళీ అవుతోందాయె, లెక్క చెప్పాలిగా!"

"మరి ఎవరి పేరు రాస్తున్నావు?"

"నీదే. అందరూ నీ పేరే చెబుతున్నారు. ఇప్పటికి నీకు నూట తొంభైసార్లు పూశాను."

"ఎవరమ్మా ఆ అందరూ?"

"అది చెప్పకూడదు. మా వృత్తిలో ఒప్పుకోరు."

ఈ లోపల పేట కమిటీ పైవాళ్ళకు ఒక నివేదిక పంపింది. గురువారాల్లో పేటలో భక్తి గణనీయంగా పెరిగిందనీ, అధ్యక్షులవారి ఉపన్యాసాల ప్రభావమే ఇందుకు కారణమనీ అందులో రాశారు. పైవాళ్ళు మెచ్చుకోలుగా ఒక జెండా బహూకరించారు.

పళ్ళు దక్కాయి కదా అని నుర్మత్ కర్నాయ్‌ని చింతపండు పెట్టి తోమినట్టు తళతళ మెరిపించి పెళ్ళిళ్ళ కోసం ఎదురుచూశాడు. శరదృతువు వచ్చింది, పత్తి ఏరడం అయిపోయింది, ఊళ్ళో వారానికి ఆరు పెళ్ళిళ్ళు. పిలుపులూ వచ్చాయి. అంచుకు జరీ కుట్టిన అంగీ పట్టుకొచ్చి, రెండు చేతులతో అందించి, పెద్దలు కూర్చునే పై వరసలో కూర్చుని దీవించమని పిలిచారు.

"మరి కర్నాయ్?"

"అయ్యయ్యో, ఎంత మాట! గురువారం గురువారం రోజా ఉండే మనిషి చేత డాన్సులాడే చోట బూర ఊదిస్తామా? సత్తోర్‌ని మాట్లాడుకున్నాం లెండి."

అలా ఆరు వారాలు నుర్మత్ పై వరసలో కూర్చున్నాడు. పై వరసలో కూర్చున్నవాడే ముందు తినాలి. ఆయన ఎదురుగా హల్వా, తేనె, పటికబెల్లం, కోడిగుడ్డు నురగతో చేసిన పాకం. ఆయన ముట్టుకుంటే తప్ప మిగతావాళ్ళు ముట్టుకోరు. అవతల సత్తోర్ దూడలా అరుస్తుంటే ఇవతల నుర్మత్ పెదవులు వాటంతటవే బిగుసుకునేవి, ఎదురుగా బూర ఉన్నట్టు. కాపాడుకున్న పళ్ళతో ఊదే యోగం పోయి, పాకం నమిలే యోగం పట్టింది. ఏ పాపానికి ఈ శిక్షో ఆయనకు బాగానే తెలుసు, అదే ఆయన బాధ.

మిర్‌హాలిం గారి అబ్బాయి పెళ్ళి గురువారం వచ్చింది.

మధ్యాహ్నం రెండున్నర. పెళ్ళికొడుకు అమ్మాయిని తీసుకురావడానికి బయల్దేరాలి. వాకిట్లో మూడువందల మంది. విశేషమేమంటే, పెద్దల వరసలో ఒక్కరూ టీ ముట్టుకోవడంలేదు. అందరూ రోజాలోనే ఉన్నారు. స్వయానా పెళ్ళికొడుకు తండ్రి కూడా రోజాలో ఉన్నానన్నప్పుడు అతిథులకు కళ్ళు చెమర్చాయి.

సత్తోర్ కర్నాయ్ ఎత్తాడు. దూడ అరిచింది. పెళ్ళికొడుకు గడప మీద ఆగిపోయి తండ్రికేసి చూశాడు. ఆ చూపు నుర్మత్ గుండెల్లో గుచ్చుకుంది. ఈ పిల్లాడి తండ్రినీ, చిన్నాన్ననీ, ఇద్దరు అన్నల్నీ గడప దాటించిన గర్జన తనది. దీవించమని మైకు చేతికిస్తే నుర్మత్ లేచి నిలబడ్డాడు.

"నేనొక నిజం చెప్పాలి," అన్నాడు. "నేను ఒక్క గురువారం కూడా రోజా ఉండలేదు. పళ్ళ సిమెంటు చుట్టూ పుచ్చు రాకుండా పూత పూయించుకున్నాను. దాని మీద టీ తాగకూడదు. మీకు వద్దని చెప్పే ధైర్యంలేక దేవుడి పేరు వాడుకున్నాను. నన్ను క్షమించండి. నేను పెద్దమనిషిని కాను, బూర ఊదేవాణ్ణి. నా బూర నాకిచ్చేయండి."

ఖంబర్ అత్త ముందుగా వెక్కింది. తర్వాత అందరూ.

మిర్‌హాలిం గారు మైకు అందుకున్నారు. "విన్నారా సోదరులారా! అసలైన భక్తుడి లక్షణం ఇదే. తన ఉపవాసాన్ని తనే దాచిపెట్టుకుంటాడు! నింద మీద వేసుకుంటాడు! ఇంతటి వినయం మన పేటలో..."

ఆయన ఉపన్యాసాలిచ్చేటప్పుడు నోరు పెద్దగా తెరుస్తారు. ఎండ నేరుగా ఆ నోట్లో పడింది. పై వరస పళ్ళ అంచుల వెంబడి, పొద్దున్నే రాసిన పూత, పచ్చగా మెరిసింది. నుర్మత్ కళ్ళు పెద్దల వరస వెంబడి నడిచాయి. కన్నీళ్ళతో నవ్వుతున్న ప్రతి నోట్లోనూ అదే పచ్చదనం.

"మావ్‌జుదా! నువ్వైనా చెప్పమ్మా!" అని అరిచాడు.

ఆడవాళ్ళ వైపునుంచి మావ్‌జుదా లేచింది. పెద్దల వరసను ఈ కొసనుంచి ఆ కొసదాకా తీరిగ్గా చూసింది. "నుర్మతన్న నోట్లో నేను పూత పూసిన మాట నిజం. ఇంకా ఎవరెవరి నోళ్ళల్లో పూశానో వరసగా చెప్పమంటారా, వద్దంటారా?"

మూడువందల మంది వాకిట్లో సగం నోళ్ళు టక్కున మూతపడ్డాయి.

మిర్‌హాలిం గారు దక్షులని ముందే మనవి చేశాను. ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఇంకా చూస్తారేమయ్యా? కర్నాయ్ ఆయనకివ్వండి! త్వరగా నోటికి పెట్టండి!" అన్నారు, పెదవులు కదపకుండా.

నుర్మత్ బూర ఎత్తాడు. ఆ రెండు పళ్ళూ వెనకనుంచి గోడల్లా నిలబడ్డాయి. గర్జన లేచి, పక్క పేటలో పావురాలు కూడా ఎగిరాయని చెబుతారు. పెళ్ళికొడుకు గడప దాటాడు. నుర్మత్ ఊదుతూనే ఏడ్చాడు, ఏడుస్తూనే ఊదాడు. అప్పట్నుంచి ప్రతి పెళ్ళికీ ఆయన్నే పిలుస్తున్నారు. ఊదనిస్తే మాట్లాడడని అందరికీ తెలిసిపోయింది.

కథ ఇక్కడ ముగిస్తే బాగుండేది. సంవత్సరాంతానికి జిల్లా ఆరోగ్య శాఖవారి లేఖ వచ్చింది. "రిజిస్టరు ప్రకారం షిరిన్‌బులోక్‌లో పూత పూయించుకున్న పౌరుడు ఒక్కడే. సదరు నుర్మత్ అను వ్యక్తి తన రెండు పళ్ళకు మూడువందల పదకొండుసార్లు పూయించుకుని జిల్లా సరుకునంతా కాజేసినట్టు తేలినది. ప్రజలకు దీనిపై ఆసక్తి లేనందున వచ్చే ఏటినుంచి పూత సరఫరా నిలిపివేయబడును."

పూత ఆగితే మళ్ళీ పుచ్చు, పుచ్చు వస్తే బంగారం, బంగారం వస్తే దూడ. మావ్‌జుదా ఒక కాగితం మీద "మేము కూడా పూయించుకున్నాము, మాకు పూత కావలెను" అని రాసింది. నుర్మత్ మొదటి సంతకం తనే పెట్టి, ఆ కాగితం పట్టుకుని పద్నాలుగు గుమ్మాలూ తిరిగాడు. ప్రతి గుమ్మం దగ్గరా ఆదరంగా కూర్చోబెట్టారు. కాగితాన్ని శ్రద్ధగా చదివారు. చాలా మంచి పని అన్నారు. మిర్‌హాలిం గారైతే ఇలాంటివాటికి తన సంపూర్ణ మద్దతు ఎప్పుడూ ఉంటుందని ఒక చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చారు. కాగితం ఇల్లు చేరేసరికి దాని మీద పద్నాలుగు టీ గిన్నెల మరకలున్నాయి. సంతకం ఒక్కటే ఉంది.

ఆ కాగితం ఇంకా తిరుగుతూనే ఉంది. నవ్వుతున్నారు కదా, మంచిదే, మరి మీ పళ్ళలో కూడా ఎక్కడో ఒకచోట సిమెంటు ఉండే ఉంటుంది. మరకల మధ్య సంతకానికి చోటు చాలానే మిగిలింది. కూర్చోండి, ఒక్క గిన్నె టీ తాగి పెడుదురుగాని.

ఏమిటీ? ఇవాళ మీరు రోజాలో ఉన్నారా?